గేజీ రాయి

ఎడమ కంట్లో నలక పడి మూసుకున్నానా,
గేజీ రాయి మీద నడిమి అంకె లేదు.
నాలుగుంది. ఆరుంది.
ఐదు ఉండాల్సిన చోట
తడి బీడీ పొగలాంటి మరక.

నాచు పట్టిందనుకుని
మెట్లు దిగి కండువాతో రుద్దాను.
రాయి తెల్లబడింది, మరక కదల్లేదు.
తల తిప్పితే అదీ తిరిగింది.
తూము మీది కొంగని చూస్తే
మెడుంది, కాళ్లున్నాయి,
ఒళ్లు లేదు.

నొప్పి లేదు. నొప్పుంటే ఆ రోజే వెళ్లేవాణ్ణి.
పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు.
జోడెద్దు కుంటుతుంటే రెండో ఎద్దు లాగినట్టు
ఎడమ కన్నే బండి లాగింది.

అమలాపురంలో డాక్టరమ్మ
చుక్కలేసి, గడ్డం పీట మీద ఆనించి
కంటి లోపలి బొమ్మ తెర మీద చూపించింది.
వరిమడిలో ఎర్రసిరా ఒలికినట్టుంది.
"రక్తం వచ్చే దారి బాగానే ఉంది బుల్లియ్య గారూ,
పోయే దారి పూడింది. సిర మూసుకుంది."
ఇంకా విడమరచబోతే
చాలమ్మా, అన్నాను.
ముప్ఫై ఒక్క ఏళ్లు లాకు లస్కర్ని.
మా లంకల్లో చేను చచ్చేది
నీళ్లు రాక కాదు,
పోక.

గుర్రపుడెక్క అడ్డం పడితే
మురుక్కాలువ వెనక్కి తంతుంది.
పై చేలు మోకాలి లోతు.
డెక్క మీద ఊదాపూలు మాత్రం
ఎవరి చావూ పట్టనట్టు పూస్తాయి.

"మరి షుగరో?" అంది సత్యవేణి.
డాక్టరమ్మ నా వైపు చూసింది.
నా కంటి సంగతి నా పెళ్లానికి నేనే చెప్పాను:
డెక్క ఒక్కటే అయితే గట్టు కొన్నాళ్లు ఆపును.
మన గట్టుకి పన్నెండేళ్లుగా పీత బొక్కలు.
పైకి పచ్చగడ్డి, లోపలంతా గుల్ల.
నీరు ఎగదన్నేసరికి వంద చోట్ల ఊట,
చూపు కుదురుకునే చోటే మడుగు కట్టింది.

పీతల్ని పెంచింది నేనే.
తాతారావు బడ్డీలో రెండు చెంచాల టీ,
గోనెసంచి చాటున కొత్తపల్లి కొబ్బరి మామిడి,
మాత్ర వేసుకున్నానని చెప్పి
కాలవలోకి విసిరిన సాయంత్రాలు.
ఏ చేప మింగిందో,
దానికి చూపెలా ఉందో.

నెలకో సూది. కంట్లోనే.
మొదటిసారి ఆవిడ చెయ్యి ఎంత నలిపానంటే
గాజు విరిగి నా అరచేతిలో గుచ్చుకుంది.
మూడో సూదికి మడుగు తీసింది.
ముంపు తీసిన చేలో అన్ని దుబ్బులూ లేవవు,
డాక్టరమ్మ అబద్ధమాడలేదు.
ఐదు తిరిగొచ్చింది గాని
తాగి గట్టు మీద నడిచేవాడిలా వంకరగా.
"ఎడమ కంటికీ అదే గట్టు" అంది, చీటీ రాస్తూ,
తలెత్తకుండా.

ఇప్పుడు మెట్టు లోతు అందటం లేదు నాకు.
రెండుసార్లు జారాక
తెల్లారగానే సత్యవేణే దిగుతుంది.
అంకెలు రావు తనకి.
తడి ఎక్కడిదాకా ఉందో వేలు పెట్టి
కింద నుంచి గీతలు లెక్కపెడుతుంది.
పైన రిజిస్టరు పట్టుకుని
ఎడమ కన్ను మూసి
కుడికంటితో ఆవిణ్ణి చూస్తాను.
మొహం ఉన్నచోట మంచు,
మంచులో ముక్కుపుడక ఒక్కటే.

"రాసుకున్నావా?" అంటుంది.

"ఆగు,
మళ్లీ చెప్పు."