అతుకు

డండీలో చిప్స్ కొట్టు కట్టేసే వేళ
వెనిగర్‌కి తడిసిన కాగితం మీద
ఇస్లా వేలితో తాళం వేస్తోంది:
సత్రం పాట.
పది నాణేలిస్తే గాయాలు మానే చోటు.

ఆఖరి రాక్షసుడి ముందొచ్చే డోలే గొప్పదని ఫెర్గస్.
డోలుదేముంది, ఎవడైనా భయపెడతాడన్నాను.

అసలు తగువు వేరే.
పాట అయిపోయి మళ్ళీ మొదలయ్యేచోట
అతుకుందా, లేదా?
ఉందంటుంది ఇస్లా. రెప్పపాటంత.
నైట్ డ్యూటీ దిగొచ్చి, బూట్లయినా విప్పకుండా
వీరుణ్ణి ఆ సత్రం మంచం మీదే పడుకోబెట్టి
మధ్యాహ్నందాకా విన్నదట.

ముగ్గురం కూనిరాగం తీసి చూశాం.
ఆ చోటు రాగానే
ముగ్గురికీ ఊపిరి అందక ఆగాం.
ఫ్రిజ్ ఒక్కటే మోగింది.

ఫెర్గస్ మాత్రం ఒప్పుకోలేదు.
చల్లారిన చిప్సన్నీ వాడే తిన్నాడు.