శబ్దం నీ చెవిలో ఉందన్నాడు

కారా-బాల్తాలో తుర్దుకుల్ షెడ్డు నుంచి
బండి బయటికి తీసిన రోజునే చెప్పాను.
చల్లగా ఉన్నప్పుడు కాదు, వేడెక్కాక,
మూడో గేరులో, ఎత్తెక్కేటప్పుడు
లోపల ఎవరో గోళ్లతో పళ్లెం గీకుతున్నట్టుందని.

బానెట్ ఎత్తకుండానే విన్నాడు.
"హెడ్ గాస్కెట్ కొత్తది. బోల్టులన్నీ కొలిచి బిగించా.
శబ్దం నీ చెవిలో ఉందక్కా."
స్పానర్లు అందించే కుర్రాడు నవ్వాడు.
పద్దెనిమిది వేల సోమ్‌లు లెక్కపెట్టి ఇచ్చాను,
చివరి వెయ్యీ చిల్లర నోట్లే.

పద్నాలుగేళ్లుగా ఈ ముసలి ఆడిని
బిష్కెక్ నుంచి తలాస్‌కి నేనే తోలుతున్నాను.
దాని దగ్గు తెలుసు, దాని అలక తెలుసు,
మంచు కురిసిన పొద్దున అది సణిగే సణుగుడు
మా ఆయన గురక కంటే బాగా తెలుసు.
అయినా ఆ వారమంతా
నా చెవినే అనుమానించాను.
గోరువెచ్చని నూనె పోసి గుబిలి తీయించుకున్నాను.
రేడియో పెంచాను. తగ్గించాను.
ఎక్కినవాళ్లనల్లా అడిగాను, మీకేమైనా వినిపిస్తోందా?
గాలి, అన్నాడొకడు.
ఒకామె మాత్రం కాసేపు కళ్లు మూసుకుని విని
"ఏదో నములుతున్నట్టుంది" అంది.
ఆమె దిగిపోయాక ఏడుపొచ్చింది నాకు.

గురువారం.
తో-అషూ సొరంగం దాటి దిగుతుంటే
ఎర్రదీపం వెలిగింది, నూనె డబ్బా బొమ్మ.
ఆరింది.
వెలిగింది.
ఇక ఆరలేదు.

సుసామిర్ లోయ అంచున, గుర్రప్పాలు అమ్మే గుడారం పక్కన
ఇంజను ఆపేశాను.
అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.
బండిలో చిక్కుడు గింజల వ్యాపారి,
మర్నాడు పరీక్ష ఉన్న పిల్ల,
ఎవరితోనూ మాట్లాడని సైనికుడు,
కొత్త పళ్ల సెట్టు కట్టించుకుని వస్తున్న ఒక తాత.
తాత అన్నాడు, "గుర్రమైతే ముందే చెప్పేది."

చెప్పింది తాతా.
వారం నుంచీ చెబుతూనే ఉంది.

మిగతావాళ్లని వేరే బళ్లు ఎక్కించుకుపోయాయి.
పిల్ల వెళ్తూ సగం యాపిలు నాకిచ్చింది.
పొద్దు వాలేవేళకి షారిప్ అనే లారీ డ్రైవరు ఆగాడు.
గుడారం ఆమె తిడుతూనే తన ప్లాస్టిక్ బేసిను ఇచ్చింది
నూనె పట్టడానికి.
అతను కింద పడుకుని ఒక్కో బోల్టూ విప్పుతుంటే
టార్చి పట్టుకుని మోకాళ్ల మీద నేను.

కడుపు కోసి కుట్టిన డాక్టరు
గుడ్డ లోపలే మరిచిపోయాడని పేపర్లో చదువుతాం కదా.
నూనె పీల్చే గొట్టం నోటికడ్డంగా
ఒక చొక్కా చెయ్యి.
నీలం చారలు. మణికట్టు దగ్గర గుండీ
ఊడలేదు కూడా.

షారిప్ చాలాసేపు నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.
"బేరింగులు కొంత అరిగాయి. నడుస్తుంది.
ఎన్నాళ్లో మాత్రం అడక్కు."
డబ్బులు వద్దన్నాడు.
బేసిను ఖరీదు మాత్రం గుడారం ఆమె తీసుకుంది.

ఆ గుడ్డని పెట్రోలులో జాడించి
సబ్బుతో రెండుసార్లు ఉతికి ఆరేశాను.
ఇస్త్రీ కూడా చేశాను, ఎందుకో.
ఆదివారం తీసుకెళ్లి తుర్దుకుల్ బల్ల మీద
ముడత లేకుండా పరిచాను.

దారంతా కూడబెట్టుకున్న తిట్లు
ఒక్కటీ నోటికి రాలేదు.

చూశాడు. వంగి చూశాడు.
"మాది కాదక్కా. ఇలాంటివి మేం వాడం"
అన్నాడు, జిడ్డు చేతులు తుడుచుకుంటూ.
కుర్రాడు ఈసారి నవ్వలేదు.
అతని చేతుల వైపే చూస్తున్నాడు.
నేనూ చూశాను.

నీలం చారలు.
మణికట్టు దగ్గర గుండీ.
అది ఎడమ చెయ్యి.
నేను తెచ్చింది కుడిది.