అంచు మడత

అన్నా అని పిలవాలి నిన్ను,
నాకంటే ముందు పుట్టావు గనక.
కానీ నువ్వు ఒక్క పూటైనా పెరగలేదు.
ఎనభై దాటిన నోటికి ఆ పిలుపు తిరగడం లేదు.

కెర్రీ తీరాన, మా పొలానికీ లిహానల పొలానికీ నడుమ
ఎవరూ దున్నని చెక్క ఒకటి ఉంది.
అక్కడ గడ్డి ఆవులు కూడా ముట్టవని అమ్మ అనేది.
అబద్ధం. నేను చూశాను, శుభ్రంగా మేస్తాయి.

ఫిబ్రవరి రాత్రి, వెన్నపెట్టె చంకన పెట్టుకుని
నాన్న ఒక్కడే వెళ్ళాడట.
లాంతరు పట్టుకెళ్ళలేదు,
ఎవరైనా ఎదురైతే పలకరించాల్సొస్తుందని.
తెల్లారేసరికి పార కడిగి గోడకి ఆనించి ఉంది.
నీ కథ అంతే.

మంత్రసాని చెయ్యి చెంబు మీద ఉండగానే
నీ ఊపిరి ఆగింది.
జ్ఞానస్నానానికి మూడు చుక్కలు చాలు.
సముద్రం పక్కన పుట్టి, వానలో పుట్టి,
నీళ్ళు పడలేదన్న నేరానికి
నీకు నీళ్ళొదిలేశారు.

పరలోకం వేరు, లింబో వేరు అని
బడిలో సిస్టర్ కోలంబా బెత్తం పట్టుకుని చెప్పింది.
పరలోకానికి వెళ్ళినవాళ్ళకి పని ఉంటుంది.
కొందరు పాడతారు, కొందరు కాలతారు,
కొందరు కాలి కాలి, తేలికై, పైకి పోతారు.
వాళ్ళ కోసం మనం ఇక్కడ జపమాల తిప్పితే
అక్కడ శిక్ష కొంత తగ్గుతుంది.
అంటే, ఉత్తరాలు అందే ఊరన్నమాట.
లింబోలో నొప్పి లేదు, ఆకలి లేదు,
దేవుడి ముఖం ఒక్కటే కనబడదు.
"మరి వాళ్ళకి ఏముంటుంది, సిస్టర్?"
"సంతోషం."
"ఎలాంటి సంతోషం?"
బెత్తం బల్ల మీద పడింది.

నవంబరులో, ఆత్మల రాత్రి,
అమ్మ తలుపు గడియ తీసి ఉంచేది.
పొయ్యి ఆర్పకుండా, గిన్నెడు ఊటనీళ్ళు పెట్టి,
పోయినవాళ్ళకి తలా ఒక కొవ్వొత్తి:
తాతకి, పడవతో మునిగిన టైగ్ బాబాయికి,
లివర్‌పూల్‌లో దగ్గి దగ్గి పోయిన పిన్నికి.
నాలుగోది వెలిగించేది కాదు.
వత్తిని వేళ్ళతో నులిమి, నులిమి,
మళ్ళీ సొరుగులో పెట్టేసేది.
ఏటా అదే కొవ్వొత్తి.
లింబో ఎక్కడుందో సిస్టర్‌కి తెలియదు,
నాకు తెలుసు. దాని పిడి ఊడిపోయి ఉండేది.

పెద్దయ్యాక కుట్టుపని నేర్చాను.
పెళ్ళి గౌన్లు, ఫాదర్ల అంగీలు,
అరవయ్యేళ్ళు అంచులు మడిచాను.
లింబో అంటే లాటిన్‌లో అంచనే అర్థమని
ఒకసారి కొలతలిస్తూ ముసలి ఫాదర్ చెప్పాడు.
నా నోటినిండా గుండుసూదులు. ఏమీ అనలేకపోయాను.

ఆ ఫాదరే అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు చివర్లో.
స్వర్గం గురించి అమ్మ ఏమీ అడగలేదు.
"అక్కడి నుంచి పొలిమేర కనబడుతుందా?" అంది.
ఆయన నూనె సీసా మూత
చాలాసేపు బిగిస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు కొత్త ఫాదర్. కుర్రాడు, పరుగుల బూట్లు వేస్తాడు.
ఆ చెక్కకి కంచె కట్టించి, రాయి నిలబెట్టి,
నీళ్ళు చల్లాడు. ఇన్నాళ్ళకి చల్లాడు.
"లింబో ఏనాడూ సిద్ధాంతం కాదు, గోబ్‌నెట్ గారూ,
పెద్దలు అలా ఊహించారంతే."
మంచివాడే. గొంతు కూడా మెత్తన.
"మరి మా నాన్న పార ఎందుకు కడిగాడు?" అన్నాను.
వాన అందుకుంది.
ఇద్దరం గొడుగు సంగతి మాట్లాడుకున్నాం.

అంచు మడిచినప్పుడు గుడ్డ రెండు పొరలవుతుంది.
లోపలికి పోయిన ముక్క ఎవరికీ కనబడదు,
అది లేకపోతే గౌను పోగుపోగుగా ఊడిపోతుంది.
ఈ మాట ఫాదర్‌కి చెప్పి ఉండాల్సింది.

ఈ రాత్రి గడియ తీశాను.
అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి వెలిగించి
సొరుగు లాగాను.
పసుపెక్కి, నడుము వంగి ఉంది నీది.
వత్తి ఎప్పుడో తెగిపోయింది, అమ్మ వేళ్ళకి.
కుట్టు కత్తెర తెచ్చి మైనం గీకాను, కొంచెం, ఇంకొంచెం.
లోపల ఉంది వత్తి,
ఇంకా తెల్లగానే.

అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో.