మూడో కాజా

మూడు లాంతర్ల కాడ
మందుల షాపు మేడ మీద
ఆషాడం నెలలో ఎక్కించీసినారా బొమ్మని.

తవుడూ ఆడి తమ్ముడూ తాళ్లు కట్టి లాగతంటే
ముందు బూట్లొచ్చినాయి,
పిదప కోటు,
ఆఖర్న మొహం.
నవ్వు నేదు.
బువ్వ తిని ఎన్నాళ్లయినాదో, దవడలు లోపలికి పోనాయి.
అడుగున రెండు ఇంగిలీసు ముక్కలు, అంతే.
ధర నేదు, ఫోను నెంబరు నేదు,
ఆషాడం తగ్గింపైనా నేదు.

టీ బడ్డీ కాడ మూడ్రోజులు అదే రగడ.
కాలేజీ అన్నాడొకడు.
మరి ర్యాంకులేవిరా అన్నాడు ఇంకొకడు.
చర్మం డాక్టరుదేమో అని బడ్డీ సన్యాసి.
బొండపల్లి నుంచి పాలు తెచ్చే అసిరమ్మ
తలెత్తి సూసి
"ఎవుల పిల్లో తప్పిపోనట్టుంది, పాపం" అనీసి
కేను దించకుండానే ఎలిపోనాది.

నాను ఎదుటి సందులో అరుగు మీద కూకుంటాను.
నాలుగు టైలరు షాపులకి కాజాలు కుడతాను.
చొక్కాకి ఏడు, కాజాకి రెండ్రూపాయలు,
దారం నాదే.
ముప్పయ్యేళ్ల మట్టి ఇదే పని గదా,
మనిషొస్తే మొహం కన్నా ముందు
గుండీల వరస కనిపిస్తాది నాకు.

ఆ కోటు కొనే మనిషి ఈ ఊళ్లో ఉంటే గింటే
జనపమిల్లోరి కోడలే అంటారు.
ఆయమ్మ కారు రోజూ ఆ బొమ్మ కిందే ఆగుతాది,
నల్లద్దాలు ఎత్తీసి.
ఓ రోజు అద్దం దిగింది.
సూస్తాదిలే ఇప్పుడైనా, అనుకున్నాను.
సీతాఫలాల ముసిల్దాన్ని కేకేసి
నూట యాభై చెప్తే నూటికి బేరమాడి
అద్దం ఎత్తీసుకుంది.
ఆయమ్మ జాకెట్లకి హుక్సులు నానే ఎడతాను.
ఏడాదికోసారి పక్క కుట్లు వదులు చేయిస్తాది.
మేడ మీద పిల్లకి
పక్కలే నేవు.

వాన ఎలిసిన ఓ సాయంత్రం
ఎండ ఏటవాలుగా పడి
బొమ్మంతా కడిగినట్టు మెరిసింది.
అప్పుడు సూసినాను మూడో కాజా.

చేటంత ఉంది అక్కడ.
ఒక్కో పోగూ కొబ్బరితాడంత.
మిషను కాదు, చెయ్యే.
పైన రెండూ తిన్నగా ఉన్నాయి,
మూడోదాని మూల కాడ దారం అయిపోనాది దానికి.
అడుగు నుంచి కొత్త పోగు ఎక్కించి
ముడి లోపలికి తోసీసి
పైన ఓ కుట్టు ఎక్కువేసి కప్పీసింది.
నానూ అలాగే కప్పుతాను.

ఏ దేశపుదో. ఏ కిటికీ కాడ కూకుందో.
దానికీ మెడ కింద ఇక్కడే పట్టేస్తాదేమో.
ఎవులి కంటా పడకూడదని దాచుకున్న ముడిని
ఇంటంతేసి చేసి
నడి ఊళ్లో కట్టీసినారు.
అయినా ఎవులూ సూణ్నేదు, ఓలమ్మా,
దాని పరువు దక్కింది.

ఆ రాత్రి కరెంటు పోతే
కొవ్వొత్తి ఎట్టుకుని
కాన్వెంటు గుంటల చొక్కాలు కుట్టినాను.
ఒక్కో కాజాకి ఓ కుట్టు ఎక్కువే పడింది.
దారం రీలు తొరగా అయిపోనాది.
ఏం, పిచ్చా, అన్నాడు మా ఆయన.

దసరాకి ముందు గడువు తీరిపోనాదంట.
తవుడు మేడెక్కి మేకులు పీకతంటే
మొహం ముందు వంగిపోనాది,
కోటు మడత పడింది,
బూట్లు గాలికి ఓ తన్ను తన్ని దిగినాయి.
కొత్తగా బంగారం కొట్టోళ్లది ఎక్కించినారు,
కిలోమీటరు దూరానికే కనిపిస్తాది
తరుగు నేదు, మజూరీ నేదు అని.

"కోళ్లగూడు మీదకి కావాలేటి, పిన్నీ?"
ఫ్లెక్సు భుజానేసుకుని అడిగినాడు తవుడు.
"అంతా వొద్దురా," అన్నాను.
"గుండీల కాడ ఓ మూరెడు కోసియ్యి."
"మూరెడేటికి?"

"సైజు సూసుకుందికి," అన్నాను.