కాకికాలు గుర్తు

పాలకొల్లులో ఇత్తడి కొట్టు వెనక
తూకానికి పోబోతుంటే ఆపాను మొదటిదాన్ని.
కిలో ధర కట్టి చేతిలో పెట్టాడు పేరిశెట్టి,
“నడవదండి, ఏం జేసుకుంటారు?”

లాకు లస్కరు జీతంలో ఇప్పటికి పదకొండు.
కళ్ళజోళ్ళ షావుకారు పారేసిన పెట్టెలో
మఖమల్ గుంటలు పన్నెండు.
ఒక్కోదాని వీపున ఒక నంబరు,
నంబరు నెత్తిన మూడు గీతల బాణం.
సర్కారు సొమ్మని దానర్థం.
మా కుర్రాళ్ళు కాకికాలంటారు.

చీకట్లో వెలగాల్సిన అంకెలు
పాతబెల్లం రంగుకి తిరిగాయి.
రేడియం, ముట్టుకోవద్దంటుంది మా ఆవిడ.
ముట్టుకోను. మూత తీసి
వింటాను.

పన్నెండోది రాజోలు బస్సు దిగి
తనే వచ్చింది, కొంగు ముడిలో.
చెట్టే సలోమి, అంగన్‌వాడీ ఆయా.
“మా తాతదండి. బర్మా యుద్ధంలో మోత పనికెళ్ళాడు.
సర్కారోళ్ళొచ్చి అడుగుతారని
నలభయ్యేళ్ళు ఊకబస్తాలో దాచాడండి.”
ఎవరూ అడగలేదు.

వెనకమూత గోటితో లేపాను.
పదిహేను రాళ్ళు. నంబరు చెక్కుచెదరలేదు.
ధర నాలిక చివరిదాకా వచ్చింది.

“తాతకి గంటలు తెలీవండి.
చిన్నముల్లు నాలుగు మీద, పెద్దముల్లు నడినెత్తిన,
ఆ ఒక్క బొమ్మే నేర్పాడంట దొర.
అదొస్తే క్యాంపంతా లేపాలి.
తిరిగొచ్చాకా మానలేదు,
నాట్ల రోజుల్లో మా పేటంతా లేపేవోడు.
ఆయ్, వాచీ ఆగిపోయాక కూడానండి.”

ధర మింగేశాను.

కిరసనాయిలు, కోడీక,
సూదిమొన మీద మోసిన నూనె.
వరదకి లాకు తలుపులు దించిన రాత్రి
లోపల చక్రం ఒళ్ళు విరుచుకుంది.
రోజుకి పదకొండు నిమిషాలు వెనక.
సరిచేస్తానంటే సలోమి వద్దంది:
“నడిస్తే చాలండి. మాకేం తొందర.”
మజూరీ కింద చక్కెరకేళీ గెల దించి వెళ్ళింది.

పన్నెండో గుంటలో
గుండ్రంగా నొక్కుకున్న చోటు మిగిలింది.
ఎవరైనా అడిగితే
అది నాది కాదంటాను,
ఉందని మాత్రం చెప్తాను.

నిన్న గేజి చూడ్డానికి లేచి
టార్చి వేశాను గోడ గడియారం మీద.
చిన్నముల్లు నాలుగు మీద. పెద్దముల్లు నడినెత్తిన.
కాలవ నిండా గుర్రపుడెక్క,
అవతల పేటలో ఒక్క దీపమూ లేదు.

గట్టు మీద నిలబడి దగ్గాను,
కాస్త
గట్టిగానే.