లోపలి మడత

కరెంటు పోయిన మధ్యాన్నం వచ్చింది
సంతపేటలో నా కొట్టుకి,
సంచిలో ఆరు గజాల గుడ్డ.
నీలం మీద పసుపు చేపలు,
చేపల కళ్లు మాత్రం ఎరుపు.
అన్న పెళ్లంట, జాంబియాలో.
చెల్లెళ్లు, మేనత్తలు, పినతల్లులు
అందరికీ ఒకే తానులో గుడ్డ.
టికెట్టుకి డబ్బుల్లేవు, పైగా పరీక్షలు,
ఫోన్లోనే నిలబడాల వాళ్లందరి పక్కన.
ఇదంతా తెలుగులోనే చెప్పింది,
హాస్టలు వంటామె దగ్గర నేర్చుకున్న తెలుగు,
మధ్య మధ్య తిట్లు కూడా వచ్చినాయి, తెలీకుండా.

బిల్లు రాయను పేరడిగినా.
ముటింట, అనింది.
వరసగా మొగపిల్లోళ్లు పుట్టి పుట్టి
ఆడపిల్ల పుడితే పెడతారంట,
మార్పు, అని.
కత్తెర కింద పెట్టి నవ్వినా.
నా పేరు చాలమ్మ.
మా యమ్మకి నాలుగో ఆడపిల్లని.
చాలు తల్లీ, ఇంక చాలు, అని
దేవుడికి రాసుకున్న అర్జీ నేను.
అర్జీ చేరలా.
నా తర్వాత మళ్లీ ఆడపిల్లే.

కొలతలు తీస్తా ఉంటే ఫోన్లోకి వాళ్ల పెద్దమ్మ వచ్చింది.
ఆమె మాట ఒక్క ముక్క తెలీదు నాకు.
ఆ చెయ్యి మాత్రం బాగా తెలుసు,
మోకాలి కిందికి, ఇంకా కిందికి, ఇంకా, అని
గాల్లో గీత గీసే చెయ్యి.
మూలాపేటలో మా పిన్నమ్మకి కూడా అదే ఉండాది.
ఫోను పెట్టేసినాక ముటింట
మోకాలి పైన వేలు ఆనించి,
ఇక్కడికి అక్కా, అనింది.

నాకిది కొత్త లెక్క కాదు.
ఎంతమంది జాకెట్లకి
అత్తగారొచ్చే రోజు కోసమని
మెడ దగ్గర దొంగ హుక్కు పెట్టి ఉంటా!
అంచు జానెడు లోపలికి మడిచి
వరసగా ప్రెస్సు బటన్లు కుట్టినా.
పెద్దమ్మకి విప్పితే పిక్కల దాకా,
ఫోను కట్టేస్తే మోకాలి పైకి.

బటన్లు కుట్టినంతసేపూ చెప్తానే ఉండింది.
శనివారాలు హాస్టలు పిల్లలకి జడలల్లతాదంట,
ఆ డబ్బు తమ్ముడి ఫీజుకి పోతాదంట.
పంపకపోతే? అన్నా.
పట్నం పొయ్యి పెద్దదైపోయింది అంటారు, అనింది.
ఆ మాట మా వీధిలో కూడా అమ్ముతారు, కిలోల లెక్కన.

ఇంటోళ్లు కులమేందని అడిగినారంట.
మాది ఏనుగు వంశం, అమ్మ నుంచి వస్తాది, అన్నదంట.
ఇంటాయన కాసేపు ఆలోచించి
ఏనుగంటే పెద్దోళ్లే కదా, అన్నాడంట.
అద్దె మాత్రం తగ్గించలా.

బస్సులో అడక్కుండా జుట్టు పట్టుకోని చూస్తారంట.
నేనూ చూసినా, ఆ మొదటి రోజే,
భుజం కొలిచే వంకతో.
ఆమెకి తెలుసు. ఏమీ అనలా.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకి తీసకపోయినా.
నీళ్లలో నిలబడి అరస్తా ఉండారు జనం,
ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, బిడ్డల రొట్టె.
తెలిసినామె ఎవురో నన్ను చూసి
పెళ్లి రొట్టె చేతిలో పెట్టింది, ఎప్పట్లానే.
నలభై రెండేళ్లొచ్చినాయి,
పదకొండు పెళ్లి రొట్టెలు తిన్నా ఇప్పటికి.
బాగుంటాయి. బెల్లం కొంచెం ఎక్కువ.

ముటింటకీ ఒకామె పెట్టింది,
మంచి మొగుడొస్తాడు పాపా, అని.
ముటింట ఉన్న పళాన తినేసింది.
మొక్కుకోకుండానే? అన్నా.
పొద్దున్నుంచీ ఏం తినలా అక్కా.

అంత పెద్ద చెరువులో
ఆకలి రొట్టె అని ఎవురూ అరవలా.
నాది సగం విరిచి ఇచ్చినా.
నీళ్లకి బటను ఒకటి ఊడి
చేపల గౌను అంచు సగం పైకి, సగం కిందికి,
అట్టనే నడిచినాం
మద్రాసు బస్టాండు దాకా.