పాతగోడ

శుక్రారం పొద్దుమూకి క్రీక్ ఒడ్డుకు పోయినం,
నేనూ, లింబాద్రీ, మొన్ననే దిగిన వాని మేనల్లుడు రాజలింగూ.
పోరని అంగీ మడతలు ఇంక విడువలే.

ఈడ అంతా పాతకాలమంట.
మట్టిగోడలు, ఈతకమ్మల పందిరి,
తుప్పు వట్టిన లాంతర్లు, గాలి బురుజులు.
కట్టి తొమ్మిదేండ్లయితుంది.

గోడలకు ముసలితనం తెచ్చే పని నాది.
సిమెంటు పచ్చిగున్నప్పుడే తీగబ్రష్‌తోని గీకాలె,
చాయ్‌పత్త రంగు నీళ్లు స్పాంజితోని అద్దాలె.
సూపర్‌వైజర్ కాయితం మీది బొమ్మ జూసి
"ఇంకో నూరేండ్లు ఎక్కియ్యి" అనేటోడు.
చాయ్ బండి వచ్చేలోపల ఎక్కిచ్చేది.
నా అరచేతులు వగిలినయి సుత,
అవి ఎవలూ చెప్పకుంటనే.

పోరడు కనవడ్డదల్లా ముట్టుకుంట నడుస్తుండు.
"కాకా, నిజంగ గింత పాతదా?"
లింబాద్రి నాకు కన్ను గొట్టిండు.
నేను పడవలు జూసిన.

అత్తరు దుకాణం. ఒంటెపాల ఐస్‌క్రీం.
చెమ్కీల ఫోను కవర్లు, ముత్యాల గొలుసులు.
ఒక గొలుసు చేతిల వట్టి, పెదవులతోని
ఇరవై రెండో ఎక్కం చదివి
మెల్లగ కింద వెట్టిండు.
ధర అంటుకున్నదేమో అన్నట్టు
వేళ్లు అంగీకి తుడుసుకున్నడు.

మూడో సందు మూలకు ఒక పగులుంటది.
కాయితం మీద లేదు, నా సొంతం:
ఎండకాలం మా మానేరు చీలినట్టు మూడు పాయలు.
ఒక తెల్లామె దానికి భుజం ఆనిచ్చి నవ్వుతుంది,
ఆమె మొగడు ఫోటో కోసం ఎనకకు ఎనకకు జరుగుతుండు.
వాళ్లు పోయినంక దగ్గరికి వోయిన.

నడిమి పాయ నేను మోకాలంత ఎత్తులనే ఆపిన.
గుర్తున్నది, ఆడ బ్రష్ ఇరిగింది.
ఇప్పుడు ఆడికెల్లి ఇంకో గీత
సన్నగ, వంకరగ, నేల దాకా దిగింది.
ఉప్పు పూసి తెల్లగైంది. వేలు వెడితే పొడి రాలింది.
ఇది నా పని కాదు.

"పోరా, ఇటు రా" అన్న.
వంగి సూపిచ్చిన.
"ఈడికెల్లి కిందికి నిజంగనే పాతది."

వాడు నా మొకం జూసిండు, గీత జూసిండు,
మల్ల నా మొకమే జూసిండు.
లింబాద్రి ఐస్‌క్రీం తెచ్చిండు,
ఒకటే కప్పు, మూడు చెంచాలు.
కరుగుతుంది తొందరగ తినుండ్రి,
ఆఖరి బస్సు పదిన్నరకే అంటుండు.